బాప్తిస్మపు గౌను

బాప్తిస్మపు గౌను అనగా క్రైస్తవ కుటుంబాలలో శిశువుకు బాప్తిస్మం ఇచ్చే సమయంలో తొడిగే తెల్లని దుస్తు. కథోలిక సంఘీయులు ఇదే సంస్కారాన్ని జ్ఞానస్నానం అంటారు కాబట్టి వారి ఇళ్ళలో దీనిని జ్ఞానస్నానపు గౌను అని, వాడుకలో తెల్లగౌను అని కూడా వ్యవహరిస్తారు. సాధారణంగా ఒక్క రోజు, అదీ ఒకటి రెండు గంటల సేపు మాత్రమే తొడిగే ఈ వస్త్రాన్ని కుటుంబ జ్ఞాపకంగా దాచి, తరువాత పుట్టిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, ఆపై వారి సంతానానికి అందించే ఆచారం ప్రపంచంలో పలుచోట్ల ఉన్నది. పల్నాడు ప్రాంతంలో శిశు బాప్తిస్మాన్ని పాటించే లూథరన్, కథోలిక సంఘాలు 19వ శతాబ్దం నుండి, అంతకు ముందు నుండి వేళ్ళూనుకొని ఉండడం వలన ఈ విషయానికి ఇక్కడ ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. తీవ్రమైన ఎండలు, సున్నపురాతి నేలల కఠిన జలం, చెదలు మొదలైన స్థానిక పరిస్థితులు ఇటువంటి సున్నితమైన వస్త్రాలను త్వరగా పాడుచేస్తాయి. దాచే పద్ధతిలో జరిగే ఒక పొరపాటు శిశువు ప్రాణానికే ముప్పు తేగలదు.

తెల్లని వస్త్రపు అర్థం

బాప్తిస్మం పొందినవారు క్రీస్తును ధరించుకొన్నవారని గలతీయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయంలో పౌలు చెప్పిన భావం ఈ ఆచారానికి మూలం. తొలి శతాబ్దాల క్రైస్తవ సంఘంలో ఈస్టరు రాత్రి బాప్తిస్మం పొందిన పెద్దలు తెల్లని వస్త్రాలు ధరించి, ఎనిమిది రోజుల పాటు వాటితోనే ఆరాధనకు వచ్చేవారు. ఈస్టరు తరువాతి ఆదివారానికి లాటిన్ భాషలో తెల్లని వస్త్రాల పేరు రావడానికి ఇదే కారణం. క్రమంగా శిశు బాప్తిస్మం సాధారణమైన తరువాత నిలువు వస్త్రానికి బదులుగా శిశువు తలపై ఒక తెల్లని నార గుడ్డను కప్పడం మొదలైనది. మధ్యయుగపు ఇంగ్లాండులో ఈ గుడ్డను, తల్లి కోలుకొని తొలిసారి చర్చికి వచ్చినపుడు తిరిగి ఇచ్చివేసేవారు. శిశువు నెల లోపే మరణిస్తే అదే గుడ్డను చుట్టి ఖననం చేసేవారు. అంటే ఆ కాలంలో ఈ వస్త్రం కుటుంబపు ఆస్తి కాదు, చర్చికి చెందినది.

మార్టిన్ లూథర్ 1523లో, 1526లో వెలువరించిన బాప్తిస్మ క్రమాలు రెండింటిలోను తెల్లని చొక్కాను తొడిగే భాగాన్ని అలాగే ఉంచాడు. ఇంగ్లాండు సంఘపు 1549 నాటి ప్రార్థన గ్రంథంలో ఉన్న ఈ భాగాన్ని 1552 నాటి గ్రంథంలో తొలగించారు. రెండవ వాటికన్ మహాసభ తరువాత 1969లో వెలువడిన కథోలిక శిశు జ్ఞానస్నాన క్రమం తెల్లని వస్త్రాన్ని నిలబెట్టడమే కాక, దానిని కుటుంబమే తెచ్చుకొనడం మంచిదని సూచించింది. ఈ విధంగా ఒకప్పుడు చర్చికి తిరిగి చేరిన వస్త్రం నేడు ఇంటి పెట్టెలోకి చేరుతున్నది.

కుటుంబ వారసత్వంగా అందిన బాప్తిస్మపు గౌనులలో మిక్కిలి ప్రసిద్ధమైనది బ్రిటిషు రాజకుటుంబపు గౌను. విక్టోరియా రాణి తన పెద్ద కుమార్తె బాప్తిస్మం కొరకు 1841లో దీనిని కుట్టించింది. స్పిటల్‌ఫీల్డ్స్ పట్టుతోను, హానిటన్ లేసుతోను తయారైన ఈ గౌనును 2004 వరకు 62 మంది శిశువులకు తొడిగించారు. అప్పటికి వస్త్రం బాగా బలహీనపడడంతో వాడకం ఆపివేసి, దానికి నకలు తయారుచేయించి 2008 నుండి నకలునే వాడుతున్నారు. అంత శ్రద్ధగా కాపాడిన వస్త్రమైనా ఎల్లకాలం తొడిగించడానికి పనికిరాదని, వాడుకకు ఒక హద్దు గీసి అసలును విశ్రాంతిగా ఉంచాలని ఈ ఉదాహరణ తెలుపుతున్నది.

పల్నాడులో

పల్నాడులో లూథరన్ సంఘ చరిత్ర జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్‌తో మొదలవుతుంది. జర్మనీలో 1793లో జన్మించి అమెరికాలో పాదిరిగా పనిచేసిన హేయర్ 1842లో గుంటూరుకు వచ్చాడు. స్వదేశానికి వెళ్ళి వైద్యవిద్య పూర్తిచేసుకొని తిరిగివచ్చి, 1849లో గురజాలలో నివాసం ఏర్పరచుకొని చుట్టుపక్కల గ్రామాలలో మత ప్రచారం, వైద్యం సాగించాడు. ఈ మిషన్ నుండి రూపొందిన ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘం 1927లో ఏర్పడినది. లూథరన్లు శిశు బాప్తిస్మాన్ని పాటిస్తారు.

గుంటూరు ప్రాంతపు కథోలిక సంఘాల మూలాలు 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్యూట్ గురువులు నడిపిన కర్ణాటక మిషన్ వరకు వెళతాయి. నరసరావుపేటకు సమీపంలో గుంటూరు జిల్లాలో ఉన్న ఫిరంగిపురం, పల్నాడు జిల్లాలోని రెంటచింతల ఈ ప్రాంతపు ప్రముఖ కథోలిక కేంద్రాలు. గుంటూరు కథోలిక పీఠం 1940లో ఏర్పడినది.

ఇందుకు భిన్నంగా అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్ 1883లో నరసరావుపేటలోను, వినుకొండలోను కేంద్రాలు నెలకొల్పినది. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన జాన్ ఎవరెట్ క్లౌ ఆధ్వర్యంలో 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంఘటన ఈ మిషన్ చరిత్రలో ప్రసిద్ధం. బాప్టిస్టులు స్వయంగా విశ్వాసాన్ని ప్రకటించగలిగిన వయసు వచ్చినవారికే నీటిలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. శిశువులకు ప్రతిష్ఠ ప్రార్థన మాత్రమే చేస్తారు. పెంతెకోస్తు సంఘాల పద్ధతి కూడా ఇదే. కనుక పల్నాడులో ఒకే ఊరిలో ఒక ఇంటి పెట్టెలో శిశువు బాప్తిస్మపు గౌను, పక్క ఇంటి పెట్టెలో ప్రతిష్ఠనాటి గౌను కనిపించవచ్చు. వేర్వేరు సంఘాల వారి మధ్య వివాహం జరిగినపుడు అమ్మమ్మ ఇంటి గౌనుకు నాయనమ్మ ఇంటి ఆచారంలో చోటు ఉండకపోవచ్చును. దాచే పద్ధతి విషయంలో మాత్రం ఈ రెండింటికీ తేడా లేదు.

తెలుగునాట పుట్టిన బిడ్డకు తొలుత కొత్త బట్ట వేయరు. ఉతికి ఉతికి మెత్తబడిన పాత నూలు చీరల పొత్తిగుడ్డలలో చుట్టడం మతంతో సంబంధం లేకుండా అందరి ఇళ్ళలోను ఉన్న అలవాటు. అందువలన చాలామంది క్రైస్తవ శిశువులకు బాప్తిస్మపు గౌనే తమకంటూ కుట్టించిన, లేదా కొన్న, తొలి దుస్తులలో ఒకటి అవుతుంది.  తెలుగు క్రైస్తవులలో పెండ్లికూతురు తెల్లని లేదా మీగడ రంగు చీర ధరించడం వాడుక కాబట్టి, తల్లి పెండ్లి చీర చెంగుతో బిడ్డకు గౌను కుట్టించే అవకాశం కూడా ఉన్నది. అటువంటి గౌను రెండు సంస్కారాల జ్ఞాపకంగా నిలుస్తుంది.

తరతరాలుగా భూమి పత్రాలు గాని, ఫోటోలు గాని, వ్రాసిన వంశవృక్షాలు గాని లేని కుటుంబాలు పల్నాడు క్రైస్తవులలో అనేకం. అటువంటి ఇంటిలో తాతకో, నాయనమ్మకో తొడిగిన ఒక చిన్న గౌను మిగిలి ఉంటే అది కేవలం ముచ్చట వస్తువు కాదు. ఫలానా తరం నాటికి ఆ కుటుంబం ఆ సంఘంలో ఉన్నదనడానికి చేతికి అందే ఆధారం అదే.

వస్త్ర రకాలు

పాతకాలపు గౌనులు ఎక్కువగా మల్లు, నార వస్త్రాలతో, చేతి కుట్టుతో ఉంటాయి. అంచులకు లేసు అల్లిక ఉండవచ్చును. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో స్కాట్లండు మిషనరీల ద్వారా వ్యాపించిన కొక్కెపు లేసు అల్లిక తెలుగు ప్రాంతపు ప్రసిద్ధ కుటీర పరిశ్రమ. దీనికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. పేరు దగ్గరగా ఉన్నందున ఈ నరసాపురాన్ని పల్నాడులోని నరసరావుపేటగా పొరబడరాదు.

నేడు బజారులో దొరికే సిద్ధ దుస్తులు చాలావరకు పాలియెస్టర్ శాటిన్, నైలాన్ నెట్ గుడ్డలతో తయారవుతాయి. వీటికి చిమట పట్టదు, కాని వాటికి అమర్చిన ఇతర వస్తువుల వలన చిక్కు ఉన్నది. చేతుల వద్ద, నడుము వద్ద ఉండే ఎలాస్టిక్ కొన్నేళ్ళకు జిగురుగా మారి, తరువాత పెళుసై పొడిపొడి అవుతుంది. బంకతో అతికించిన పూసల కింద పసుపు మచ్చలు వస్తాయి. ఇనుప హుక్కులు తుప్పు పడతాయి. దాచడానికి ముందు గౌను ఏ గుడ్డతో తయారైనదో, దానిపై ఏమేమి ఉన్నాయో గమనించడం అవసరం.

పాడగుటకు కారణాలు

కనిపించని మరకలు. తెల్లగా కనిపిస్తున్నదని ఉతకకుండా దాచిన గౌను కొన్నేళ్ళ తరువాత తీసి చూస్తే మెడ వద్ద, రొమ్ము వద్ద పసుపు మచ్చలతో కనిపిస్తుంది. శిశువు కక్కిన పాలు, చెమట, ఒంటికి మర్దించిన నూనె మొదట రంగు లేకుండా ఉండి, గాలిలోని ఆమ్లజనితో కలసి క్రమంగా పసుపు, గోధుమ రంగులకు మారుతాయి. కథోలిక క్రమంలో గురువు శిశువు రొమ్ముపై, నడినెత్తిపై పవిత్ర తైలాలతో అభ్యంగనం చేస్తారు. ఈ తైలాలకు మూలం సాధారణంగా ఒలీవ నూనె. కనుక గౌను మెడ భాగంలోను, టోపీలోను నూనె మరక ఉండే అవకాశం ఎక్కువ. బాప్తిస్మపు కొవ్వొత్తి నుండి మైనం, శిశువు బుగ్గపై పెట్టిన చాదుబొట్టు, కాటుక కూడా అంటవచ్చును.

గంజి, నీలిమందు. గంజి పిండిపదార్థం కావడం వలన వెండిచేప పురుగులను, బొద్దింకలను ఆకర్షిస్తుంది. గంజి పెట్టిన బట్ట మడత వద్ద పెళుసై చిట్లుతుంది. నీలిమందు పసుపుదనాన్ని పైకి కనిపించకుండా కప్పుతుందే గాని తొలగించదు.

నీరు. పల్నాడు నేల చాలాభాగం సున్నపురాతిమయం. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు, మాచర్ల పరిసరాల సిమెంటు కర్మాగారాలు ఈ రాతిపై ఆధారపడినవే. ఈ నేలలోని బోరు నీటిలో కాల్షియం లవణాలు ఎక్కువ. ఆ నీటిలో సబ్బు నురగ రాదు సరికదా, కరగని తెట్టుగా మారి నూలు పోగుల మధ్య నిలిచిపోయి బట్టను గరుకుగా, మాసినట్లుగా చేస్తుంది. నీటిలో ఇనుము ఉన్నచోట గోధుమ రంగు చుక్కలు ఏర్పడి, ఆ చుక్కల చోటనే బట్ట బలహీనమై చిరుగుతుంది.

వేడి. రెంటచింతల ఆంధ్రప్రదేశ్‌లో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రదేశాలలో ఒకటిగా పేరుపొందినది. ఈ ప్రాంతంలో మే నెలలో పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కద్దు. రేకుల కప్పు కింద, శ్లాబు కింద ఉండే అటకలపై ఇంకా వేడిగా ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయనిక చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందనేది స్థూల సూత్రం. పది సంవత్సరాలలో జరగవలసిన క్షీణత అటకపై అంతకు చాలాముందే జరుగుతుంది.

తేమ, క్రిమికీటకాలు. వానాకాలంలోను, అక్టోబరు, నవంబరు నెలల తుఫానుల సమయంలోను గాలిలో తేమ పెరుగుతుంది. సాపేక్ష ఆర్ద్రత 65 శాతం దాటి కొన్నాళ్ళు నిలిస్తే బూజు పడుతుంది. పట్టును, ఉన్నిని చిమటలు తింటాయి. నేలకు ఆనించి పెట్టిన చెక్క పెట్టెలకు చెదలు పడితే లోపలి బట్టలు కూడా మిగలవు.

పెట్టె, కవరు. చెక్క నుండి, సాధారణ అట్టపెట్టెల నుండి వెలువడే ఆమ్లాలు తగిలిన చోట బట్ట గోధుమ రంగుకు మారుతుంది. బట్టల దుకాణపు పాలిథిన్ కవరు తేమను లోపలే బంధిస్తుంది. పీవీసీ కవర్లు కాలక్రమంలో ఆమ్ల వాయువును వెలువరిస్తాయి. గుండుసూదులు, పిన్నీసులు తుప్పు మరకలు మిగుల్చుతాయి.

భద్రపరచే విధానం

శుభ్రపరచుట

1. బాప్తిస్మం జరిగిన ఒకటి రెండు రోజులలోనే ఉతకాలి. ఆలస్యమైన కొద్దీ నూనె మరక పోగులకు పట్టుకొంటుంది. మరక ఉండగా ఇస్త్రీ చేస్తే అది స్థిరపడిపోతుంది.

2. మైనం పడితే గౌనును కవరులో ఉంచి కొంతసేపు ఫ్రీజరులో పెట్టి, గట్టిపడిన మైనాన్ని చెంచా అంచుతో నెమ్మదిగా తీయాలి.

3. కాటుక మరకను రుద్దరాదు. రుద్దితే మసి పోగుల లోపలికి పోతుంది. కింద తెల్లని నూలుగుడ్డ పరచి, తడిపిన దూదితో అద్దుతూ కింది గుడ్డలోకి దిగేటట్లు చేయాలి.

4. నూలు గౌనును గోరువెచ్చని నీటిలో, రంగు, సువాసన లేని తేలికపాటి ద్రవ డిటర్జెంటు కొద్దిగా కలిపి నానబెట్టాలి. బండపై బాదడం, పిండడం, బ్రష్షుతో రుద్దడం పనికిరాదు. బట్టల సబ్బు, చాకలి సోడా పట్టుకు హాని చేస్తాయి. క్లోరిన్ కలిసిన బ్లీచింగు పొడి, ద్రావకం నూలును బలహీనపరుస్తాయి, పట్టును, ఉన్నిని పసుపుగా మార్చి తినివేస్తాయి.

5. బోరు నీటికి బదులుగా శుద్ధిచేసిన నీరు వాడాలి. గ్రామాలలోని మంచినీటి ప్లాంట్లలో దొరికే 20 లీటర్ల క్యాను నీరు ఇందుకు సరిపోతుంది. డిటర్జెంటు జాడ మిగలకుండా నాలుగైదు సార్లు జాడించాలి. చివరి జాడింపుకు డిస్టిల్డ్ వాటరు వాడితే మరింత మంచిది.

6. తడిసిన గౌను బరువుకు కుట్లు సాగుతాయి కనుక తీగపై వేలాడదీయరాదు. శుభ్రమైన తువాలుపై పరచి, నీడలో, గాలి తగిలే చోట ఆరబెట్టాలి.

7. గంజి, నీలిమందు పెట్టరాదు. పూర్తిగా ఆరిన తరువాతనే దాచాలి. రంగు దారం ఉన్నవి, పాత పట్టువి, ఇప్పటికే చిరుగులు పడినవి ఇంట్లో ఉతకరాదు.

మడచుట

మడతే వస్త్రానికి తొలి చిరుగు. వీలైతే గౌనును మడవకుండా పొడవైన పెట్టెలో పరచి ఉంచాలి. వీలుకాకపోతే ప్రతి మడతలోను గుండ్రంగా చుట్టిన మెత్తని గుడ్డను లేదా కాగితాన్ని పెట్టి మడత పదునుగా పడకుండా చూడాలి. చేతులలో, టోపీలో కూడా అదే విధంగా నింపాలి. వస్తుప్రదర్శనశాలలలో ఇందుకు ఆమ్లరహిత కాగితం వాడతారు. నూలుకు, నారకు క్షార గుణం కలిపిన రకం, పట్టుకు, ఉన్నికి క్షారం కలపని రకం వాడాలి. అవి దొరకనపుడు గంజి పూర్తిగా పోయే వరకు పలుమార్లు ఉతికిన రంగులేని కోరా గుడ్డ లేదా పాత మల్లు పంచె చక్కగా పనిచేస్తుంది. వార్తాపత్రికల కాగితం వాడరాదు. దాని ఆమ్లం, సిరా రెండూ హానికరాలే.

పెట్టె, స్థలం

రంగు చెదరని ఇనుప బీరువా అర మంచి స్థలం. ట్రంకుపెట్టె వాడేటపుడు లోపల తుప్పు లేదని చూచుకొని, రెండు పొరల కోరా గుడ్డ పరచాలి. చెక్క సందుగలో పెట్టవలసి వస్తే అల్యూమినియం రేకు కాగితం, దానిపై గుడ్డ పరచి చెక్క నేరుగా తగలకుండా చూడాలి. పెట్టె నేలకు, బయటి గోడకు ఆనకూడదు. అటక కంటే లోపలి గదిలోని మధ్య అర మేలు. బరువైన పట్టుచీరల కింద గౌనును అణచి ఉంచరాదు.

చట్రంలో బిగించి గోడకు తగిలించాలనుకొంటే కిటికీకి ఎదురుగా తగిలించరాదు. ప్రదర్శనశాలలలో సున్నితమైన వస్త్రాలకు 50 లక్సులకు మించని వెలుతురు మాత్రమే అనుమతిస్తారు. ఇంటి ముందు గదిలోని పగటి వెలుతురు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది.

ఏటేటి పరిశీలన

సంవత్సరానికి ఒకసారి, వానలు వెనుకబట్టి పొడిగా ఉన్న రోజున, చేతులు కడుక్కొని తుడుచుకొన్న తరువాత గౌనును తీసి చూడాలి. పాత మడతల మీదనే మడవకుండా చోటు మార్చాలి. పురుగు కనిపిస్తే గౌనును గుడ్డలో చుట్టి, గాలి తీసిన కవరులో మూసి, రెండు వారాలు ఫ్రీజరులో ఉంచితే పురుగులు, గుడ్లు చస్తాయి. బయటికి తీసిన తరువాత కవరును ఒక రోజు విప్పకుండా ఉంచాలి. లేకుంటే చల్లని బట్టపై తేమ పడుతుంది. ఎండిన వేపాకును వాడదలచినవారు విడిగా చిన్న గుడ్డసంచిలో కట్టి, గౌనుకు తగలకుండా ఉంచి, ఏటా మార్చాలి.

కలరా ఉండల ప్రమాదం

బట్టల పెట్టెలలో వేసే కలరా ఉండలలో నాఫ్తలీన్ గాని, పారాడైక్లోరోబెంజీన్ గాని ఉంటుంది. ఇవి గది ఉష్ణోగ్రత వద్దనే ఆవిరిగా మారి బట్టలోకి ఇంకుతాయి. శిశువుకు తొడిగే ఉద్దేశంతో దాచిన దుస్తులలో వీటిని ఎట్టి పరిస్థితులలోను వేయరాదు.

జీ6పీడీ అనే ఎంజైము లోపంతో పుట్టిన శిశువులు నాఫ్తలీన్ ఆవిరిని పీల్చినా, అది చర్మం ద్వారా లోపలికి ప్రవేశించినా వారి ఎర్ర రక్తకణాలు పెద్ద ఎత్తున విచ్ఛిన్నమవుతాయి. దాని వలన తీవ్రమైన కామెర్లు వచ్చి, పైత్యవర్ణకం మెదడుకు చేరి శాశ్వత హాని గాని, మరణం గాని సంభవించవచ్చును. ఈ ఉండలతో దాచిన బట్టల వలన, దుప్పట్ల వలన నవజాత శిశువులలో ఇలా జరిగిన కేసులను గ్రీసు దేశపు వైద్యులు 1963లో ప్రచురించారు. ఈ లోపం భారతదేశంలోను ఉన్నది. ఇది ఎక్కువగా మగశిశువులను బాధిస్తుంది. పుట్టిన బిడ్డకు ఈ లోపం ఉన్నదీ లేనిదీ పరీక్ష చేయిస్తే తప్ప తల్లిదండ్రులకు తెలియదు. ఒంటికి నూనె రాసి ఉన్నపుడు చర్మం ద్వారా నాఫ్తలీన్ మరింత సులభంగా లోపలికి పోతుంది. నూనెతో ఒళ్ళు మర్దించి తలంటిన తరువాత బిడ్డకు గౌను తొడిగే మన ఇళ్ళలో ఈ విషయం ప్రత్యేకంగా గుర్తుంచుకొనవలసినది.

ఇప్పటికే కలరా ఉండలతో దాచిన పాత గౌను ఉంటే దానిని నవజాత శిశువుకు తొడగకపోవడమే క్షేమం. ఒక పూట ఎండలో వేసినంత మాత్రాన ఆవిరి పూర్తిగా పోదు. వాసన పోయినట్లు అనిపించినా కొంత మిగిలి ఉండవచ్చును. అటువంటి బట్ట తొడిగిన తరువాత శిశువు కళ్ళు, ఒళ్ళు పచ్చబడినా, పాలిపోయినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకొనివెళ్ళి, ఉండల సంగతి వైద్యునికి చెప్పాలి. కర్పూరం కూడా పసిపిల్లలకు విషపూరితమే కనుక దానిని ప్రత్యామ్నాయంగా వాడరాదు.

మరల తొడిగించుట

దాచిన గౌనును తరువాతి శిశువుకు తొడిగించే ముందు బట్ట బలాన్ని పరీక్షించాలి. వెలుతురుకు ఎదురుగా పట్టి పలుచబడిన చోట్లు చూడాలి. భుజాల కుట్లు, చంకల భాగం ముందుగా బలహీనపడతాయి. మడత వద్ద పొడి రాలుతున్నా, తేలికగా లాగితే పోగులు తెగుతున్నా ఆ గౌను తొడగడానికి పనికిరాదు. ఊడిపోయే పూసలు, బొత్తాలు శిశువు నోటికి చేరకుండా ముందే తీసివేయాలి. తొడిగే ముందు మరల ఉతకాలి.

బట్ట నిలుస్తుందనుకొన్నపుడు సంస్కారం జరిగే సమయానికి మాత్రమే తొడిగి, విందుకు ముందే మార్చడం మంచిది. పల్నాడు వేసవిలో పాలియెస్టర్ గౌను, లోలంగా, టోపీ కలిపి తొడిగితే పసిబిడ్డకు ఉక్కపోసి చెమటపొక్కులు వస్తాయి. లోపల పలుచని నూలు చొక్కా వేయడం శిశువుకు, గౌనుకు కూడా మేలు.

బట్ట నిలవదనుకొన్నపుడు పాత గౌను లేసును, లేదా చిన్న ముక్కను కొత్త గౌను అంచు లోపల కుట్టడం ఒక మార్గం. అయితే కోసిన గౌను తిరిగి రాదు. అందువలన పాత గౌనును కోయకుండా దాని కొలతలతో, అదే కుట్టుతో నకలు కుట్టించి, అసలు గౌనును సంస్కార సమయంలో పక్కన ఉంచే పద్ధతి మేలైనది.

వివరాలు నమోదు చేయుట

పేరు తెలియని గౌను రెండు తరాల తరువాత ఒక పాత గుడ్డ మాత్రమే. గౌనుతో పాటు కింది వివరాలను వ్రాసి ఉంచాలి.

- శిశువు పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ
- బాప్తిస్మం జరిగిన తేదీ, చర్చి, ఊరు
- బాప్తిస్మం ఇచ్చిన పాదిరి లేదా గురువు పేరు
- జ్ఞాన తల్లిదండ్రుల లేదా సాక్షుల పేర్లు
- గౌను ఎవరు కుట్టారు, ఎక్కడ కొన్నారు, గుడ్డ ఎక్కడిది
- తరువాత ఎవరెవరికి తొడిగించారు

ఈ వివరాలను పెన్సిలుతో వ్రాయాలి. కలం సిరా తేమకు చెదిరి బట్టకు అంటుతుంది. పేరును నూలు పట్టీపై వ్రాసి గౌను అంచు లోపలి భాగంలో రెండు కుట్లతో కుట్టవచ్చును. చర్చి బాప్తిస్మపు పుస్తకంలోని నమోదు నకలును, ఒక ఫోటోను వేరే కవరులో ఉంచాలి. సంస్కారానికి అధికారిక ఆధారం చర్చి పుస్తకమే గాని గౌను కాదు. అయితే ఆ పుస్తకంలో ఒక వరుసగా మిగిలే పేరుకు ముఖం, కొలత, స్పర్శ ఇచ్చేది గౌను. పెద్దవారు జీవించి ఉండగానే వారు చెప్పిన సంగతులను వ్రాసుకొనడం అన్నిటికంటె ముఖ్యం.

వారసత్వం

నగలకు, పొలానికి ఉన్నట్లు గౌను ఎవరికి చెందాలనే విషయానికి స్థిరపడిన ఆచారం లేదు. తొలి కాన్పు పుట్టింట జరిగే అలవాటు వలన ఒకరికి రెండు ఇళ్ళలోను హక్కు ఉన్నట్లు భావన కలుగుతుంది. ముక్కలు చేసి పంచుకొనడానికి వీలుకాని వస్తువు కనుక ఒకరి వద్ద ఉంచి, ఎవరి ఇంట బాప్తిస్మం జరిగినా అందరికీ ఇచ్చే ఒప్పందం మేలు. హైదరాబాదుకో, విదేశాలకో వెళ్ళిన పిల్లల వద్దకు పంపేటపుడు విమానంలో చేతిసంచిలో తీసుకొనివెళ్ళడం సురక్షితం.

మరణించిన శిశువు గౌను విషయంలో కుటుంబాలు భిన్నంగా వ్యవహరిస్తాయి. కొందరు బిడ్డతోనే సమాధి చేస్తారు, కొందరు దాచుకొంటారు. దాచిన గౌనును మరొక బిడ్డకు తొడిగించాలా వద్దా అనేది తల్లి ఇష్టానికి విడిచిపెట్టవలసిన విషయం.

గౌను బాగా పాతదై చరిత్ర విలువ గలదైనపుడు వస్త్ర సంరక్షణ నిపుణుల సలహా తీసుకొనవచ్చును. లక్నోలోని సాంస్కృతిక సంపద సంరక్షణకు చెందిన జాతీయ పరిశోధనాలయం 1976లో ఏర్పడినది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలోను సంరక్షణ విభాగం ఉన్నది.

ఇవి కూడా చూడండి

- బాప్తిస్మం
- పల్నాడు జిల్లా
- గురజాల
- రెంటచింతల
- ఫిరంగిపురం
- ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘం
- నరసాపురం లేసు